బస్సు నాటికలో నాన్న వంతు

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు నాకు ఆయాసం. దుమ్ము తగిలితే ఊపిరాడేది కాదు, మా వీధి బడి ఆవరణ అంతా దుమ్మే. అందుకని అమ్మ నన్ను ఇంట్లో కూర్చోబెట్టుకుని బైబిలు వాక్యం చదవడం నేర్పింది. రాయడం మాత్రం నాన్న నేర్పాడు. పలక మీద దిద్దించలేదు. తను రాసిన నాటిక నా ముందు పెట్టి, "ఇందులో పోలీసు మాట్లాడే మాటలన్నీ ఏరి ఈ కాయితం మీద రాయమ్మా" అన్నాడు. అదే నా మొదటి పాఠం.

నాటకాల వాళ్ళు దాన్ని పోర్షన్ అంటారు. నటుడికి నాటిక మొత్తం ఇవ్వరు. అతని మాటలు మాత్రం పొడుగు కాగితం మీద రాసి, ఒక్కో మాటకీ ముందు ఎదుటివాడి చివరి రెండు మూడు ముక్కలు పెట్టి ఇస్తారు. ఆ ముక్కలు చెవిన పడగానే ఇతను అందుకోవాలి. నేను ఏడేళ్ళ వయసు నుంచి అవే రాశాను. పోలీసు తర్వాత పోస్టుమాన్, ఆ తర్వాత అత్తగారు. ఇంటికెవరైనా వచ్చి మాట్లాడి వెళ్తే నాకు వాళ్ళ చివరి రెండు ముక్కలే గుర్తుండేవి. "ఇదేం చదువు నేర్పావయ్యా పిల్లకి" అని అమ్మ సణిగేది. ఇవాళ నేను నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయగలుగుతున్నానంటే ఆ పోలీసు దయే. దేవునికి స్తోత్రం.

నాన్నకి రెండు పనులు. ఒకటి నరసరావుపేటలో మా బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించడం. రెండోది నాటికలు రాయడం. మొదటిది అన్నం పెట్టింది. రెండోది పేరు తెచ్చిందని మేం అనుకునేవాళ్ళం, నాన్న మాత్రం రెండూ ఒకటే పని అనేవాడు.

మా తాత ఆ మేళంలోనే సైడ్ డ్రమ్ము వాయించాడు. క్లారినెట్ నేర్పింది నాన్న మేనమామ. బెల్లంకొండ నుంచి ఈపూరు దాకా పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ, మా వాళ్ళ క్రిస్మస్ కీ, ఎవరన్నా పోతే ఆఖరి ప్రయాణానికీ ఆ మేళమే. ఎర్ర కోటు, భుజం మీద బంగారు రంగు జాలరు. నాన్నకి ఒక జబ్బుండేది. పాట పల్లవి రెండుసార్లు అచ్చు రికార్డులో ఉన్నట్టే వాయించేవాడు. మూడోసారి పాటని వదిలేసి ఎటో పోయేవాడు. అటూ ఇటూ తిరిగి, చరణం ఎత్తుకునే చోటికి సరిగ్గా వచ్చి కలిసేవాడు. డ్రమ్ము వాళ్ళకి అలవాటైపోయింది గానీ మేనమామకి కాలేదు.

"ఒరేయ్, పెళ్ళికొడుకు కారు రోడ్డు మీద పోతావుంటే నువ్వు ఏ సందులోకి పోతన్నావురా?" అని నడిరోడ్డు మీదే అరిచేవాడట.

"ఆ సందులో కూడా మనుషులున్నారు మామా" అనేవాడట నాన్న.

నాటికలు మాత్రం ముహూర్తాలు లేని నెలల్లో రాసేవాడు. ఆషాఢంలో ఒకటి, మూఢంలో ఒకటి. మా ఇంట్లో గోడకి పంచాంగం వేలాడుతుండడం చూసి పాస్టరుగారు ఒకసారి అడిగారు. "అయ్యా, మాకు పని ఎప్పుడుంటదో ఇందులోనే రాసుంటది" అన్నాడు నాన్న. ఆయన నవ్వి, ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఆయన మంచితనానికి కూడా నేను రుణపడి ఉన్నాను. వేరొకరైతే దాని మీద ఒక ఆదివారమంతా ప్రసంగం చెప్పేవారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. తప్పు ఇద్దరిదీ, చేయి మాత్రం నాది.

నాన్న రాసిన ఒక నాటికని వేరే ఊరి వాళ్ళు పేరు మార్చి పరిషత్తు పోటీల్లో ఆడేశారు. పుస్తకం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో తెలియదు. నాన్న జనంలో కూర్చుని మొత్తం చూశాడు. వాళ్ళకి మొదటి బహుమతి వచ్చింది. ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "మనకంటే బాగా ఆడారే" అన్నాడు అమ్మతో. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక పద్ధతి పెట్టాడు. కొత్త నాటిక రాయగానే నేను పోర్షన్లు తీసేయాలి. తీశాక అసలు పుస్తకాన్ని కాల్చేయాలి. పోర్షన్లు నటుల దగ్గర ఒక్కొక్కటిగా ఉంటాయి. ఒక్కరి దగ్గరున్నది పట్టుకుపోయి ఎవడూ ఏమీ ఆడలేడు.

అట్లా మూడు నాటికల పుస్తకాలు మా నీళ్ళ పొయ్యిలోకి పోయాయి. పేజీలు చింపి ఒక్కొక్కటే పెట్టింది నేను. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఆ నీళ్ళతో తల కూడా పోసుకున్నాను.

ఆ మూడింట్లో చివరిది బస్సు నాటిక. కరపత్రంలో వేసిన పేరు వేరే గానీ ఇంట్లో మేం అనుకునేది అదే. మాచర్ల రోడ్డు మీద ఒక బస్సు షెల్టరు. అందులో ఒక ముసలి మేళగాడు, ఒళ్ళో క్లారినెట్. గొంతు పోయింది, మాట రాదు. బస్సు కోసం ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. సగం చెక్కిన విగ్రహం సంచిలో వేసుకున్న దుర్గి శిల్పి ఒకడు. ఇంట్లో గొడవపడి బయటికొచ్చేసిన ఆడమనిషి ఒకామె. మూడో ఆయన కోర్టు అమీను, ఎవరి ఇల్లో జప్తు చేయడానికి పోతుంటాడు. ముగ్గురూ తమ గోడు ఆ ముసలాయనతో చెప్పుకుంటారు. ఆయన క్లారినెట్ తో జవాబు చెబుతాడు. వాళ్ళకి అర్థమవుతుంది. అంతే నాటిక.

ముసలాయన వేషం నాన్నే వేశాడు. ఆయన వంతు ఏ పుస్తకంలోనూ లేదు, ఎందుకంటే మాటలు లేవు. పోర్షన్లు తీసేటప్పుడు నేను అడిగాను, "నీ వంతు అయినాక వాళ్ళు అందుకోవాలి గదా నాన్నా, ముందు ముక్క ఏం రాయాలి?" అని.

"క్లారినెట్ ఆగినాక, అని రాయి" అన్నాడు.

ఎప్పుడు ఆగుతుందో మాత్రం ఆయనకే తెలియదు. ఒక్కో ఊళ్ళో ఒక్కోలా వాయించేవాడు. ఒకచోట రెండే రెండు స్వరాలు, ఇంకోచోట జనం ఈలలు వేసేదాకా. తోటి నటులు తిట్టుకునేవాళ్ళు. పరిషత్తు వాళ్ళు ఉత్తమ నటుడి బహుమతికి నాన్న పేరు అనుకుని, మళ్ళీ పాత్రకి మాటల్లేవు కాబట్టి కుదరదని, నేపథ్య సంగీతం కింద షీల్డు ఇచ్చారు. "ముందు కూర్చుని వాయిస్తే నేపథ్యం ఎట్లా అవుద్దయ్యా" అని అమ్మ చాలా రోజులు నవ్వింది.

ఇదంతా జరిగి ముప్పై ఐదేళ్ళు దాటింది. అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళింది. పెళ్ళిళ్ళకి డీజేలు వచ్చాక మేళం షాపు మూతపడింది, ఎర్ర కోట్లు ఎటో పోయాయి. నాన్న మా ఇంటికి వచ్చేశాడు. మా ఇంటాయన పెద్ద మనసుకి ఏమని కృతజ్ఞత చెప్పను, ముందు గది ఆయనకే ఇచ్చేశాడు. నాన్నకి పైపళ్ళు రాలిపోయాయి. క్లారినెట్ మూతి పైపళ్ళకి ఆనకపోతే పట్టు ఉండదు. కట్టుడు పళ్ళు పెట్టించాం. ఊదబోతే అవి కూడా కదిలొచ్చాయి. "అన్నానికైతే పనికొస్తయిలే" అని పెట్టెకి తాళం వేశాడు. పోయినేడు డాక్టరు ఆయన గుండె సగమే పనిచేస్తోందని చెప్పారు.

వినుకొండలో బ్యాంకులో పనిచేస్తూ నాటికలు ఆడించే ఒకాయన అప్పటికే రెండేళ్ళుగా బస్సు నాటిక పుస్తకం అడుగుతున్నాడు. చిన్నప్పుడు చూశాడట, మర్చిపోలేదట. వచ్చినప్పుడల్లా నాన్న ఒకటే చెప్పేవాడు, "లేదు బాబూ, ఉంటే ఇవ్వనా" అని. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. ఆ పుస్తకం ఎట్లా పోయిందో నేను గుమ్మంలో నిలబడి కూడా చెప్పలేదు.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి కూర్చున్నాం. మా అమ్మాయి ఇక్కడే జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. అది ఫోనులో ఏదో చదువుతూ, "తాతయ్యా, స్కాట్లాండులో నీలాంటి ఆయన ఒకడుండేవాడంట. నాటకాలు రాసేవాడంట, జాజ్ వాయించేవాడంట" అంది.

"జాజ్ అంటే ఏందే?"

అది ఒక వీడియో పెట్టింది. ఆయనది కాదు, ఆ సంగీతం ఎట్లా ఉంటుందో చూపించడానికి. నలుగురు కూర్చుని వాయిస్తున్నారు. నాన్న ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కాసేపటికి నవ్వాడు. "సందులోకి పోయాడు" అన్నాడు. ఇంకాసేపటికి, "వచ్చాడు" అన్నాడు. "ఈయనకి మేనమామ లేడు, అదృష్టవంతుడు."

ఫోను ఇచ్చేస్తూ అడిగాడు, "ఆ స్కాట్లాండు ఆయన రాసినవి ఎక్కడున్నయ్యంట?"

మా అమ్మాయి చూసి చెప్పింది, "లైబ్రరీలో దాచిపెట్టారంట తాతయ్యా. అన్నీ ఉన్నయ్యంట."

"మంచిది" అన్నాడు నాన్న. అన్నం దగ్గర కూర్చున్నాడు గానీ కూర కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. తర్వాత నన్ను పిలిచాడు. "అమ్మాయ్, బస్సు నాటిక రాసిపెడతావా? నేనుండగా ఒకసారి మొత్తం చూసుకోవాలనుంది."

"నువ్వు చెబితే రాస్తా నాన్నా."

"నాకు వాళ్ళ మాటలు గుర్తు లేవమ్మా. వాళ్ళ మాట ఆగినాక నేనేం వాయించానో అదే గుర్తుంది. అది చెప్పడానికి పళ్ళు లేవు."

ఆ ముగ్గురినీ వెతకడమే మిగిలింది.

దుర్గిలో శిల్పి వేషం వేసిన ఆయన నిజంగా శిల్పే. ఇంకా అదే పని చేస్తున్నాడు. మా ఇంటాయన బండి మీద తీసుకెళ్ళాడు. వెళ్ళేసరికి ఆయన ఒక అమ్మవారి మొహం ముందు కూర్చుని ఉన్నాడు, కనుబొమ్మల నిండా రాతి పొడి. నేనెవరో చెప్పగానే, "పోర్షన్లు రాసే పాపా! ఎంత పెద్దదానివయ్యావు" అన్నాడు. యాభై దాటినదాన్ని నేను. కాగితం ఉలుల పెట్టె అడుగున ఉంది. ఎందుకు దాచాడంటే నాటిక మీద ప్రేమతో కాదు, వెనక వైపు ఖాళీలో ఏదో విగ్రహం కొలతలు వేసుకున్నాడు. కొలతలు పోతాయని దాచుకున్నాడు. నేను ముందు వైపు చూసుకున్నాను. నా చిన్నప్పటి అక్షరాలు. "క్లారినెట్ ఆగినాక" అని నేను రాసినచోట పక్కన ఆయన పెన్సిలుతో రాసుకున్నాడు: ముక్కు చివర్లో చెక్కమన్నాడు.

"ఇదేంది బాబాయ్?" అన్నాను.

"మీ నాన్న అన్నదే. ముక్కు చెదిరిపోద్దేమోనని నేను భయం చెప్తే, అది చివర్లో చెక్కరా అన్నాడు. గుంటూరులో ఆడినప్పుడు, స్టేజీ మీదే. అప్పటి నుంచి నేను ముక్కు చివర్లోనే చెక్కుతన్నా."

నేను నాన్నని అడగాలనుకున్నాను, నాన్నకి రాతిపని ఏం తెలుసని.

అమీను వేషం వేసిన ఈపూరు మాస్టారు పోయి ఐదేళ్ళయింది. కాగితాలన్నీ చెదలు తిన్నాయి. నేను లేచి వచ్చేయబోతుంటే ఆయన భార్య, మిరపకాయల తొడిమలు తీస్తూనే, "ఆయన మాటలే గదా కావాల్సింది? రాసుకో" అంది. చేయి ఆపకుండా మొదటి నుంచి చివరి దాకా చెప్పేసింది. ఆయన ఇంట్లో వల్లె వేస్తుంటే ఆమె ఎదురు కూర్చుని నాన్న వంతు వచ్చినప్పుడు నోటితో పీపీ ఊదేదట. "ఎంతసేపు ఊదాలి అనేదాన్ని. నీ ఇష్టం, నువ్వు ఆగినప్పుడు నా మాట అందుకుంటా అనేవాడు" అంది. మధ్యలో రెండుసార్లు ఘాటుకి తుమ్మింది, ఒక్క మాట తప్పిపోలేదు. నేను రాసిందంతా తిరిగి చదివి వినిపించాను. కళ్ళు తుడుచుకుని, "కారం" అంది.

ఇక ఆడమనిషి పాత్ర. ఆ వేషం వేసిన అక్క మాచర్లలో టిఫిను సెంటరు పెట్టుకుంది. దోసె తిప్పుతూనే నా మాట విని, పెనం కింద మంట తగ్గించి లోపలికి వెళ్ళింది. ట్రంకుపెట్టె మూతకి లోపల అతికించి ఉంది కాగితం. మైదాతో అతికించింది, చింపకుండా తీయడానికి తడిగుడ్డ పెట్టి అరగంట కూర్చున్నాం.

ఆ కాగితంలో ఒకచోట, ఆమె "ఇంటికి పోవాల్నా, బస్సెక్కాల్నా?" అని ముసలాయన్ని అడిగిన చోట, అంచు పొడుగునా సన్నగా రాసి ఉంది. ఆడిన ఒక్కో ఊరి పేరు, దాని పక్కన ఒక మాట. రెంటచింతల, తిట్టాడు. గురజాల, అన్నం తిని పొమ్మన్నాడు. వినుకొండ, ఏమీ అనలేదు, పక్కన కూర్చున్నాడు. పిడుగురాళ్ళ, తను కూడా ఏడ్చాడు. మాచర్ల, మా అమ్మ పిలిచినట్టు పిలిచాడు.

"ఇట్లా ఎందుకు రాసుకున్నావక్కా?"

"ఏం చేయమంటావే? ఆ తర్వాత నా డైలాగు ఒకటే గదా. 'సరే, పోతాలే.' అంతే. తిట్టిన మనిషితో ఒక రకంగా సరే అనాల, అన్నం తినమన్నోడితో ఇంకో రకంగా అనాల. మీ నాయనేమో ఏ ఊళ్ళో ఏమంటాడో తెలవదు. రేపు ఇదే అంటాడేమోనని రాసుకున్నా. ఒక్కసారి కూడా మళ్ళీ అనలా." పెనం వైపు చూసి, "దొంగ సచ్చినోడు" అంది, చాలా ప్రేమగా.

కాగితం తీసుకుపొమ్మంది, మళ్ళీ తెచ్చివ్వాలని చెప్పింది. తిన్న దోసెలకి ఎంతివ్వాలి అంటే నా చేయి పక్కకి తోసేసింది.

నాన్న ఆ అంచు రాతని భూతద్దం పెట్టుకుని చదివాడు. ఒక్కో ఊరి దగ్గరా ఆగాడు. గురజాల దగ్గర చాలాసేపు ఆగాడు.

"నేను అన్నం తినమని అన్లేదే" అన్నాడు.

"మరేమన్నావు?"

"ఏమీ అన్లా. ఆ రోజు మూతికి బిగించే రీడు బద్ద చీలింది. ఊదితే గాలి పోతావుంది. అది పూర్తిగా చీలకుండా మెల్లగా కాపాడుకుంటా వాయించా."

"ఆమెకి అన్నం తినమన్నట్టు వినపడింది నాన్నా."

"అయితే చానా మంచి రీడు అది" అన్నాడు.

దుర్గి బాబాయి ముక్కు సంగతి కూడా అడిగాను. నాన్నకి అసలు గుర్తే లేదు. "రాయి గురించి నాకేం తెలుసు. వాడికి తెలిసిందే వాడు విని ఉంటాడు" అన్నాడు.

పది రోజులు కూర్చుని మూడు పోర్షన్లూ కలిపాను. చిన్నప్పుడు చేసిన పని వెనక్కి చేయడమే. ఒకరి చివరి ముక్క పట్టుకుని ఇంకొకరి మాట దగ్గరికి పోవడం. ఒక్కచోట ముక్కలు కలవలేదు. ఈపూరు మాస్టారి భార్యకి ఫోను చేస్తే, "అక్కడ ఆయన రోజూ మర్చిపోయేవాడు, నేను వేరే మాట అందించేదాన్ని" అని ఒప్పుకుంది. ఆమె మాటే బాగుంది, నాన్న అదే ఉంచమన్నాడు. ప్రతి ఉదయం ప్రార్థన అయ్యాక మొదలుపెట్టేదాన్ని. నాకు బడి లేకుండా చేసిన ఆ ఆయాసానికి కూడా ఆ రోజుల్లో స్తుతి చెల్లించాను. బడికి పోయి ఉంటే ఈ పని నాకు రాదు.

నాన్న వంతుల దగ్గరికి వచ్చేసరికి నాకు ఆశ పుట్టింది. మాచర్ల అక్క రాసుకున్నవీ, బాబాయి రాసుకున్నదీ అక్కడ పెట్టేస్తే ఏమవుతుంది? వాయించేవాడికి దారి తెలుస్తుంది గదా. నాన్న వద్దన్నాడు.

"అన్నం తినమను అని రాస్తివా, వాడు పోయి అన్నం తినమనే వాయిస్తాడు. ఆమె మొహం చూడడు."

"మరి నీ వంతు ఎట్లా రాయను?"

"మూడు గీతలు ఖాళీ వదులు. కాయితం మీద నా వంతు అంతే."

నాకు కష్టమనిపించింది. ఒకసారి కాల్చినదాన్ని మళ్ళీ ఖాళీగా ఎలా వదలను? అయినా నాటిక ఆయనది. వదిలాను. అక్క కాగితంలోని ఊళ్ళ జాబితా మాత్రం నా కోసం వేరే ఎత్తి రాసుకుని, అసలుది తీసుకెళ్ళి ఇచ్చేశాను. ఆమె మళ్ళీ మైదా ఉడికించింది.

నాటిక పూర్తయిన రోజు నాన్న మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. నేను కింద చాప మీద కూర్చుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ముగ్గురి మాటలూ నేనే. నాకు నటించడం రాదు, వాక్యం చదివినట్టే చదివాను. శిల్పి ముక్కు గురించి చెప్పి ఆగాడు. కింద మూడు గీతల ఖాళీ. నేను ఆగాను. ఏం చేయాలో తెలియక తల ఎత్తి చూశాను.

నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. దుప్పటి మీద రెండు చేతుల వేళ్ళూ కదులుతున్నాయి, ఒక చేయి పైన, ఒక చేయి కింద, క్లారినెట్ పట్టుకున్నట్టే. కింది పెదవి లోపలికి మడిచి ఉంది. వీధిలో కూరగాయల బండి వచ్చి కేకేసి వెళ్ళిపోయింది. వేళ్ళు ఇంకా కదులుతూనే ఉన్నాయి. తర్వాత ఆగాయి.

"ఊ" అన్నాడు.

నేను శిల్పి మాట అందుకున్నాను.

అట్లాగే ఆడమనిషి దగ్గర ఆగాను, అమీను దగ్గర ఆగాను. ఆమె దగ్గర అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది. "ఊ" అన్నాక నేను "సరే, పోతాలే" అని చదివాను. ఎలా చదివానో నాకు తెలియదు. నాన్న కళ్ళు తెరిచి నా వైపు చూసి మళ్ళీ మూసుకున్నాడు.

ఆయన ఆ వేళ ఏమన్నాడో నేను రాసుకోలేదు.

కబురు చేస్తే వినుకొండ ఆయన మర్నాడే వచ్చాడు. పుస్తకం చేతిలో పెడితే కళ్ళకద్దుకున్నాడు. పేజీలు తిప్పి, "ఈ ఖాళీలేందండీ?" అన్నాడు. "అది నా వంతు. వాయించేవాణ్ణి ఒకసారి నా దగ్గరికి తీసుకురా బాబూ, పళ్ళున్నవాణ్ణే తీసుకురా" అన్నాడు నాన్న. ఆయన జిరాక్స్ తీయించుకుని అసలుది సాయంత్రం తెచ్చిస్తానన్నాడు. నేను చెప్పులేసుకుని ఆయన వెంటే వెళ్ళాను. షాపులో నిలబడి నాలుగు కాపీలు తీయించి, అసలుది నేనే వెనక్కి తీసుకున్నాను. ఆయనకొకటి, మాచర్లకొకటి, మా అమ్మాయి కాలేజీ లైబ్రరీకొకటి. నాలుగోది నాన్న దిండు కింద ఉంది.